సూసన్ యెక్కడ?



మాటలాడు జంతువులును మంచుదేశపు మంత్రగత్తెయును గల కథను గూర్చి ఒక సంఘకాపరి ఈ పుటలలో వ్రాయుట మీలో కొందరికి వింతగా తోచవచ్చును. యోతాము గెరిజీము కొండమీద నిలిచి చెట్లచేత మాటలాడించి షెకెమువారికి బుద్ధి చెప్పిన సంగతి న్యాయాధిపతుల గ్రంథములో మీరు చదివియేయున్నారు. కాబట్టి దానికి వేరే సమాధానము చెప్పుకొనను.

నేను సెమినరీలో చదువుకొను దినములలో సి. ఎస్. లూయిస్ వ్రాసిన వేదాంత గ్రంథమొకటి వెదకుచు లైబ్రరీకి పోయి, అది దొరకక, దాని ప్రక్కనున్న పిల్లల పుస్తకమును తెచ్చుకొంటిని. దాని పేరు 'ది లయన్, ది విచ్ అండ్ ది వార్డ్‌రోబ్'. సింహము, మంత్రగత్తె, బట్టల బీరువా అని మన మాటలలో చెప్పవచ్చును. 1950లో లండనులో అచ్చయినది. 1956 వరకు దాని వెంట మరి ఆరు కథలు వచ్చినవి. వీటన్నిటిని కలిపి నార్నియా కథలందురు. ఇప్పుడు నేను వేసవి సెలవులలో మా యింటి అరుగుమీద సాయంకాలము పిల్లలను కూర్చుండబెట్టి వీటిని తెలుగులో చెప్పుచుందును. ఇన్నిమారులు చెప్పిన తరువాత ఈ కథలయందు నాకొక గొప్ప మెప్పును, ఒక ఫిర్యాదును మిగిలినవి. ఆ రెండును స్నేహములో నమ్మకత్వమను ఒక్క సంగతిని గూర్చినవే.

గ్రంథకర్తను గూర్చి కొంచెము చెప్పవలెను. లూయిస్ 1898లో బెల్‌ఫాస్టు నగరములో పుట్టి, ఆక్స్‌ఫర్డులో చాలకాలము బోధించి, 1963లో మృతిపొందెను. చిన్ననాటి విశ్వాసమును పోగొట్టుకొని పెద్దవాడైన పిమ్మట తిరిగి పొందినవాడు. 1931 సెప్టెంబరులో ఒక రాత్రి టోల్కీన్, డైసన్ అను ఇద్దరు మిత్రులు చాల ప్రొద్దుపోవువరకు అతనితో నడచుచు మాటలాడిరి. కొద్దిదినములకే అతడు క్రీస్తును ఒప్పుకొనెను. స్నేహితుల విలువ అతనికి పుస్తకములలో తెలిసినది కాదు. మొదటి ప్రపంచ యుద్ధములో ప్యాడీ మూర్ అను తోటి సైనికునితో, మనలో ఒకడు చనిపోయినయెడల బ్రతికినవాడు వాని యింటివారిని చూచుకొనవలెనని మాట యిచ్చిపుచ్చుకొనెనని ప్యాడీ చెల్లెలు తరువాత చెప్పెను. ప్యాడీ 1918లో చనిపోయెను. లూయిస్ అతని తల్లిని తన యింట నుంచుకొని, 1951లో ఆమె మరణించువరకు విడువలేదు. నార్నియా మొదటి కథ వ్రాయబడిన దినములలో ఆ యింట ఆమె జబ్బుతో నుండెను.

ఇక కథకు వత్తము. రెండవ ప్రపంచ యుద్ధములో లండనుమీద బాంబులు పడుచుండగా పీటరు, సూసన్, ఎడ్మండు, లూసీ అను నలుగురు తోబుట్టువులను పల్లెటూరిలో ఒక ముసలి ప్రొఫెసరుగారి యింటికి పంపుదురు. అందరికంటె చిన్నదైన లూసీ ఒక గదిలోని బట్టల బీరువాలో దూరి, కోట్ల నడుమనుండి ఆవలికి నడచి, మంచు కప్పిన అడవిలో తేలును. అదే నార్నియా. తెల్ల మంత్రగత్తె అక్కడ రాణినని చెప్పుకొనుచు, ఎన్నటికిని చలికాలమే ఉండునట్లును, క్రిస్మసు ఎన్నడును రాకుండునట్లును చేసినది. లూసీకి మొట్టమొదట ఎదురైనవాడు టమ్నస్. నడుము పైభాగము మనిషి, క్రిందిభాగము మేక. చేతిలో గొడుగు, చంకలో పొట్లములు. ఇతడు లూసీని తన గుహకు పిలిచి, గుడ్డు, చేపలు, రొట్టె, తేనె, కేకు పెట్టి, పిల్లనగ్రోవి వాయించి, ఆ తరువాత వెక్కివెక్కి యేడ్చును. ఏలయనగా అతడు మంత్రగత్తె జీతగాడు. మనుష్యుల పిల్ల కనబడినయెడల స్నేహము నటించి, నిద్రబుచ్చి, ఆమెకు అప్పగించుట అతని పని.

చదువరులారా, ఇక్కడ కొంచెము ఆగుడి. పిల్లల కథలలో స్నేహితుడనగా సాధారణముగా మొదటినుండి మంచివాడు. లూయిస్ అట్లు చేయలేదు. ఈ కథలోని మొదటి స్నేహము ఒక ద్రోహి తన ద్రోహమును తానే ఒప్పుకొనుటతో మొదలగుచున్నది. ఒప్పుకొనినవాడు ఊరకుండలేదు. తనకు రాబోవు శిక్ష యెట్టిదో తెలిసియు, ఆ పిల్లను చీకటిలో దీపస్తంభము వరకు తానే నడిపించి సాగనంపెను. వీడ్కోలువేళ అతడు అడిగినవాటిలో ఒకటి, కన్నీళ్లు తుడుచుకొనుటకు ఆమె యిచ్చిన చేతిరుమాలును తనయొద్ద ఉంచుకొనవచ్చునా అని.

ఆ రుమాలు తరువాత మరల కనబడును. నలుగురు పిల్లలును నార్నియాకు వచ్చునప్పటికి టమ్నస్ గుహ ధ్వంసమై, అతడు రాజద్రోహ నేరము క్రింద పట్టుబడియుండెను. అప్పుడు బీవరు అను జంతువు, అనగా నీటికడ్డముగా కట్ట కట్టుకొని బ్రతుకునది, పొదల చాటునుండి వచ్చి, తాను నమ్మదగినవాడనుటకు గురుతుగా ఆ రుమాలునే చూపును. తనను పట్టుకొందురని ముందే పసిగట్టి టమ్నస్ దానిని అతని చేతికిచ్చియుండెను. తాను చిక్కిపోవు గడియలోకూడ ఆ పిల్లకు దారిచూపువారుండవలెనని అతడు తలంచెను. కన్నీళ్లతో తడిసిన ఒక గుడ్డముక్కచేత నమ్మకత్వమును ఇంత చక్కగా చూపిన పుస్తకములు నేను చాల చూడలేదు. లూసీయు అట్టిదే. అడవిలో తిండి లేదు, చలి; తిరిగి పోవుటకు దారి తెరచియున్నది. అయినను తనవలన పట్టుబడినవానిని విడిచి పోరాదని ఆమె పట్టుపట్టెను. సూసన్ మొదట వెనుకాడినను, టమ్నస్ కొరకు ఏదైనను చేయవలెనని ఒప్పుకొనెను. ఈ మాట గుర్తుంచుకొనుడి, దీనితో ముందు పని యున్నది.

ఎడ్మండు సంగతి వేరు. అతడు నార్నియాలో మంత్రగత్తెను కలిసికొని, ఆమె యిచ్చిన టర్కిష్ డిలైట్ తినును. అది పంచదారతో, పిండితో చేసిన మెత్తని మిఠాయి. ఆమె దానికి మంత్రము పెట్టినది. మిఠాయికొరకు తోబుట్టువులను అమ్మువాడుండునా అని మా పిల్లలు నవ్వుదురు. అయితే ఇంగ్లండులో 1942లో మొదలైన మిఠాయి రేషను 1953 వరకు సాగెను. ఈ పుస్తకము వచ్చిన యేట దానిని చదివిన పిల్లలు కూపను చించి యిచ్చి కొంచెము మిఠాయి కొనుక్కొనువారు. వారు నవ్వియుండరు. ఒక గిన్నెడు కూరకు జ్యేష్ఠత్వము నమ్మినవానిని మనమును ఎరుగుదుము గదా.

కాని లూయిస్ లెక్కలో ఎడ్మండు చేసిన మిక్కిలి నీచమైన పని మిఠాయి తినుట కాదు. లూసీ నార్నియాను గూర్చి చెప్పగా ఎవరును నమ్మలేదు. ఎడ్మండు తన కన్నులార చూచి వచ్చెను. లూసీ సంతోషముతో ఇక నీవు చెప్పుమనగా, అతడు అన్నతోను అక్కతోను, అదంతయు మేమిద్దరము ఆడుకొనిన ఆట, నిజము కాదని చెప్పెను. కలిసి చూచినదానిని ఆటయనెను. స్నేహమునకు ఇంతకంటె పెద్ద దెబ్బ లేదు. శత్రువు మనలను అబద్ధికులనినయెడల ఓర్చుకొందుము. మనతోకూడ చూచినవాడే చూడలేదనినయెడల ఏమి చేయుదుము? పేతురు ప్రధానయాజకుని ముంగిట చలికాచుకొనుచు పలికినది ఇట్టి మాటయే. ఈ అబద్ధమును కూడ గుర్తుంచుకొనుడి.

తరువాత ఎడ్మండు అబద్ధము బయటపడగా పీటరు అతనిని కఠినముగా తిట్టెను. ఎడ్మండు కసి పెంచుకొని, బీవరు ఇంట అందరు మాటలాడుకొనుచుండగా చల్లగా జారి మంత్రగత్తెయొద్దకు పోయెను. అతడు ద్రోహియై పోయెనని బీవరు చెప్పినప్పటికిని, వాడు ఎట్టివాడైనను మా తమ్ముడు, పసివాడు, వెదకవలసినదేయని పీటరు అనెను. వెదకుటకు వీలులేకపోయెను. చివరకు అస్లానను సింహము ఎదుట నిలిచి, నాలుగవవాడెక్కడయని అడుగబడినప్పుడు బీవరు ఉన్న సంగతి చెప్పెను, వాడు ద్రోహియని. అందులో అబద్ధము లేదు. అప్పుడు పీటరు నోరు తెరచి, అందులో కొంత తప్పు నాది, నేను వానిమీద కోపపడితిని, అది వానిని చెడుదారికి త్రోసెననెను. అస్లాను అతనిని నిందింపలేదు, ఓదార్పలేదు, ఊరక చూచెను.

ఈ పుస్తకములో కత్తియుద్ధమున్నది, తోడేలును చంపుటయున్నది. అవన్నియు పీటరు ధైర్యమును చూపుటకే. నా మట్టుకు ఈ ఒక్క మాట పలుకుటకు కావలసిన ధైర్యము వాటిలో దేనికిని అక్కరలేదు. ఇట్లనుటకు నాకొక కారణము కలదు, దాచను.

పూర్వము నేను పనిచేసిన ఒక పల్లె సంఘములో పందొమ్మిదేండ్ల యువకుడుండెను. పాటలకు డోలకు వాయించువాడు. కోతపండుగ వేలములో వచ్చిన సొమ్మును లెక్క చూడక, ఇద్దరు సాక్షులను పెట్టక, అతని చేతికిచ్చి దాచుమంటిని. తీరా లెక్క చూడగా తగ్గెను. అతడు ఖర్చుపెట్టుకొంటినని ఒప్పుకొనెను. నేను ఆదివారము సంఘమంతటి యెదుట అతనిని నిలువబెట్టి గద్దించితిని. ఆ రాత్రి బస్సుకే అతడు ఊరు విడిచిపోయెను. పెద్దలు తీర్మానము చేయగా సంఘపు రిజిస్టరులో అతని పేరుమీద ఎఱ్ఱసిరాతో గీత గీచినది నేనే. ఆ గద్దింపుకు ముందు వారములో అతడు రెండుసార్లు మా గుమ్మమువరకు వచ్చి తిరిగిపోయెనని నా భార్య తరువాత చెప్పెను. నేను లోపల రిపోర్టు వ్రాసికొనుచుంటిని. మూడేండ్ల పిమ్మట వేసవిలో పిల్లలకు పీటరు మాట చదివి చెప్పుచు నేను సగములో ఆగిపోతిని. పిల్లలు నాకు గొంతు పట్టినదనుకొని మంచినీళ్లు తెచ్చిరి. అతని తల్లిని అడిగి ఫోను చేసితిని, ఎత్తలేదు. ఉత్తరము వ్రాసితిని. జవాబు ఇంకను రాలేదు.

కథలో ఎడ్మండు తిరిగి వచ్చెను. మంత్రగత్తె అతనికి మిఠాయికి బదులు ఎండురొట్టె పెట్టెను. దారిలో విందు చేసికొనుచున్న చిన్న జంతువులను ఆమె రాళ్లుగా మార్చబోగా, వద్దు వద్దని అతడు బతిమాలి దెబ్బ తినెను. తనను గూర్చికాక ఇతరులను గూర్చి అతడు జాలిపడుట అదే మొదలు. విడిపింపబడిన తరువాత, తెల్లవారుజామున అస్లాను అతనిని వేరుగా తీసికొనిపోయి మాటలాడెను. ఏమి మాటలాడెనో లూయిస్ చెప్పలేదు. ఇది నాకు మిక్కిలి నచ్చిన మౌనము. మన యూళ్లలో ఒకని ఒప్పుకోలు వానికంటె ముందు బావిదగ్గరకు చేరును. పిమ్మట అస్లాను అతనిని తోబుట్టువులయొద్దకు తెచ్చి, జరిగిపోయినదానిని గూర్చి ఇతనితో మాటలాడ నవసరములేదని చెప్పెను. ఎడ్మండు ఒక్కొక్కరితో చేయి కలిపి క్షమాపణ చెప్పెను. వారు సరేననిరి. ఆ తరువాత ఎవరికిని ఏమి మాటలాడవలెనో తోచలేదు. క్షమాపణ తరువాతి ఆ ఇబ్బందిని కూడ దాచక వ్రాసినందుకు గ్రంథకర్తను మెచ్చుకొనవలెను. తప్పిపోయిన కుమారుని ఉపమానములో పెద్దకుమారుడు లోపలికి వచ్చినట్లు లేదు. ఇక్కడ పెద్దవాడు లోపలనే యుండి చేయి చాపెను.

ఎడ్మండుకొరకు అస్లాను రాతిబల్లమీద ప్రాణము పెట్టుటయు, తిరిగి లేచుటయు మీకు నేను విప్పి చెప్పనక్కరలేదు. ఇది ప్రతి మాటకు మారుమాట గల ఉపమానము కాదనియు, అట్టి లోకమొకటి యుండినయెడల క్రీస్తు అక్కడ ఎట్లు ప్రత్యక్షమగునో ఊహించితిననియు లూయిస్ స్వయముగా చెప్పెను. నాకు ముఖ్యమైనది ఆ రాత్రి అతని వెంట నడచినవారెవరనునది. పీటరు కాదు, ఎడ్మండు కాదు. సూసన్, లూసీ. అస్లాను ఒంటరితనముతో తల వంచుకొని నడచుచుండగా, వారిద్దరును అతని జూలుమీద చేతులు వేసి తోడుగా నడచిరి. శత్రువులు పోయిన పిమ్మట చలిలో మృతదేహమునొద్ద కూర్చుండి యేడ్చి, నోటికి కట్టిన కట్టును విప్పిరి. సువార్తలలోని స్త్రీలను వేరుగా జ్ఞాపకము చేయనక్కరలేదు.

లోపములు లేకపోలేదు. క్రిస్మసు తాత నడుమ వచ్చి పిల్లలకు ఆయుధములు పంచుట అతుకువలె కనబడును. టోల్కీనుకు కూడ ఈ కథ నచ్చలేదు. చివరి యుద్ధము రెండు పుటలలో ముగిసిపోవును. 2005లో వచ్చిన సినిమాలో ఆ యుద్ధమును చాల పెంచిరి, నాకు రుచింపలేదు. ఇవి చిన్న సంగతులు.

నా ఫిర్యాదు ఏడవ కథయైన 'ది లాస్ట్ బ్యాటిల్' మీద. 1956లో వచ్చినది. అందులో నార్నియా అంతమై, పూర్వపు రాజులు రాణులు అందరు అస్లాను దేశపు వాకిట కూడుదురు. సూసన్ లేదు. ఆమె యెక్కడయని నార్నియా చివరి రాజు అడుగగా, పీటరు ముక్తసరిగా, ఆమె ఇక నార్నియా స్నేహితురాలు కాదని చెప్పి ఊరకుండెను. ప్రక్కనున్నవారు తలకొక మాట కలిపిరి: ఆమెకు మేజోళ్లు, పెదవుల రంగు, విందుల పిలుపులు తప్ప మరేమియు పట్టవని. ఆమెతో నార్నియా మాట యెత్తినయెడల, చిన్నప్పుడు ఆడుకొనిన ఆటలు మీకింకను జ్ఞాపకమున్నవా అనునట. అంతట పీటరు ఇక ఆ మాట వద్దని చెట్లకు కాసిన పండ్లవైపు తిరిగెను.

ఈ పుటను కొందరు బోధకులు పెదవుల రంగుమీద ప్రసంగమునకు వాడుకొందురు. అది సరిగా చదువుట కాదు. సూసన్ తప్పు అలంకారము కాదు. తోబుట్టువులతో కలిసి చూచినదానిని ఆటయనుటయే. చదువరులారా, ఈ మాట మనము ముందు వినలేదా? మొదటి పుస్తకములో ఎడ్మండు లూసీని గూర్చి పలికిన అబద్ధము ఇదే కాదా? అదే తప్పు, అదే కుటుంబము. ఒకనిని గూర్చి అడిగినప్పుడు పీటరు, కొంత తప్పు నాదియనెను. ఒకతెను గూర్చి అడిగినప్పుడు అదే పీటరు, ఆమె మా స్నేహితురాలు కాదనెను. రాతిబల్లయొద్ద రాత్రియంతయు కూర్చున్నదానిని గూర్చి, టమ్నస్ కొరకు ఇల్లు చేరు దారి వదలుకొన్నదానిని గూర్చి, ఒక్కరును మంచిమాట చెప్పలేదు. ద్రోహి లేనప్పుడు అతని పక్షముగా మాటలాడుటయే నమ్మకత్వమని మొదటి కథ నేర్పెను. చివరి కథ దానిని మరచెను.

లూయిస్‌ను పూర్తిగా నిందింపను. 1957లో ఒక బాలునికి వ్రాసిన ఉత్తరములో, సూసన్ ఇంకను బ్రతికియున్నది, మారుటకు చాల కాలమున్నది, ఆమె తన దారిన అస్లాను దేశము చేరవచ్చునని అతడే చెప్పెను. ఉత్తరములో చెప్పినది పుస్తకములో పీటరు నోట పెట్టియుండిన బాగుండెడిది. ఆ బాలునికి ఉత్తరము చేరెను. మిగిలిన పిల్లలకు పుస్తకమే చేరుచున్నది.

మరియొక సంగతి. ఆ వాకిట ఎడ్మండు కూడ నిలిచియుండెను. అందరు సూసన్‌ను గూర్చి మాటలాడుచుండగా అతడు ఒక్క మాట అనలేదు. లూసీయు అనలేదు. 1954లో వచ్చిన 'ది హార్స్ అండ్ హిస్ బాయ్' అను కథలో ఒక శత్రు రాకుమారునికి మరణశిక్ష వేయవలెనని ఇతరులనగా, రాజైన ఎడ్మండు, ద్రోహి సహితము బాగుపడవచ్చును, అట్టివానినొకని నేనెరుగుదునని చెప్పి ఆలోచనలో పడెను. ఆ మాట పలికినవాడు అక్క విషయములో ఏల మౌనముగా నుండెను? పౌలు మార్కును వద్దనినప్పుడు బర్నబా ఊరకుండలేదు. వెంటబెట్టుకొని ఓడ ఎక్కెను. తన చివరి దినములలో పౌలే మార్కును తీసికొని రమ్మని తిమోతికి వ్రాసెను. ఎడ్మండు మౌనము సిగ్గువలననా, దుఃఖమువలననా, నేను నిశ్చయింపలేను. గ్రంథకర్త అతనిచేత మాటలాడించుట మరచెననియే నా అభిప్రాయము.

గత వేసవిలో ఈ చివరి కథ ముగించితిని. ఆ దేశపు వాకిట నిలిచినవారందరు, తలిదండ్రులతో సహా, ఇంగ్లండులో రైలు ప్రమాదమందు చనిపోయియే అక్కడికి వచ్చిరని చివరలో తెలియును. పిల్లలు లేచి చాప చుట్టుచుండగా పదేండ్ల పిల్ల ఒకతె కదలక కూర్చుండి, "అయ్యగారూ, అమ్మా నాన్నా కూడా పోయారా?" అని అడిగెను. అవునంటిని.

"మరి సూసన్ దగ్గర ఎవరున్నారండీ ఇప్పుడు?"

పుస్తకములో లేదమ్మా అంటిని. ఆ పిల్ల పుస్తకమును నా చేతిలోనుండి తీసికొని చివరి పుటలు త్రిప్పిచూచెను. దానికి ఇంగ్లీషు చదువరాదు. తల్లి వచ్చి పిలుచువరకు అరుగు దిగలేదు.